డ్రిప్పు పక్కన స్టూలు

"కొరమేనుకున్న రోషంలో సగం కూడా లేదు దీనికి," అంది పాపాయమ్మ, పక్కింటావిడకి వినపడేలా.

పెరట్లో కుళాయి దగ్గర పీట వేసుకుని ఇందుజ చేపలు తోముతోంది. తోముతోంది అనేది మర్యాదకి. ఒక చేతిలో బూడిద, ఇంకో చేతిలో కొరమేను పట్టుకుని ఎప్పుడు ఆగిపోయిందో తనకే తెలీదు. తడి బూడిద వేళ్ళ సందుల్లో ఆరి గట్టిపడిపోయింది. తల మీద పొత్రం దెబ్బ పడ్డా ఇంకా చచ్చినట్టు ఒప్పుకోని చేప మాత్రం తోక ఆడిస్తోంది. ఈ పూట ఈ ఇంట్లో బతుకు మీద ఆసక్తి ఉన్నది దీనికొక్కదానికే అనుకుంది ఇందుజ. నవ్వు రావాల్సిన ఆలోచన. రాలేదు. నవ్వాల్సిన చోట్లన్నీ గుర్తుపడుతోంది, నవ్వే ఎక్కడికో పోయింది.

"ఏమే, నిన్నే! పులుసు ఈ ఏడు తింటామా, పై ఏడా?"

"చేస్తున్నా అత్తయ్యా."

గొంతు తనదే. మాట మాత్రం చాలా దూరం నుంచి, ఆలస్యంగా వచ్చింది. ల్యాబులో పాత కంప్యూటర్లు ఇలాగే చేసేవి. తెర మీద అన్నీ కనపడుతుంటాయి, బాణం గుర్తు కదులుతుంటుంది, ఏది నొక్కినా తెరుచుకోదు. మూడు మీటలు కలిపి నొక్కండమ్మా, మళ్ళీ మొదలవుతుంది అని పిల్లలకి చెప్పేది. మనిషికి ఆ మూడు మీటలు ఎక్కడుంటాయో ఎంసీఏలో ఎవరూ చెప్పలేదు.

తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఇందుజ కంప్యూటర్ ల్యాబు చూసుకుంటుంది. ఆ ల్యాబుకి వెళ్ళేలోపు ఇంట్లో ఒక ఉద్యోగం, వచ్చాక ఇంకో ఉద్యోగం. పొద్దున్నే ఇడ్లీలు, అత్తగారికి ఉప్పు తక్కువ, మొగుడికి కారం ఎక్కువ, ఐదేళ్ళ కూతురు బుజ్జికి రెండు జడలు, మామగారు జగ్గారావు ఫోటోకి పూలదండ. పోయిన మనిషి ఒక్కడే ఏ వంకా పెట్టకుండా పెట్టింది తీసుకునేవాడు. భర్త సత్తిబాబుకి కొల్లేరులో చేపల చెరువులుండేవి. రెండేళ్ళ క్రితం సర్కారు వాళ్ళొచ్చి, అవి ఆక్రమణలని గట్లు పేల్చేశారు. అప్పట్నించీ ఆయన కాపలా కాయడానికి చెరువు లేక ఇంటిని కాస్తున్నాడు. ఎవరొచ్చారు, ఎవరు ఫోన్ చేశారు, ఆటో ఎందుకు లేటయింది. గట్టు మీద టార్చిలైటు వేసుకు తిరిగిన మనిషి ఇప్పుడు ఆ వెలుగు పెళ్ళాం మొహం మీద వేస్తున్నాడు.

ఎప్పుడు మొదలైందో ఇందుజ చెప్పలేకపోయింది. ఒకరోజు రుచి పోయింది. ఇంకో వారానికి నిద్ర పోయింది. తర్వాత గుండెల మీద రుబ్బురోలు పెట్టినట్టు ఒక బరువు వచ్చి కూర్చుంది, లేవనంది. బాత్‌రూంలో కుళాయి తిప్పి ఏడ్చేది, ఎందుకో తెలీకుండానే. తెలిస్తే చెప్పేదే.

"ఏం లోటు నీకు?" అన్నాడు సత్తిబాబు. అది ప్రశ్న కాదు, తీర్పు. "మా అమ్మ పాతికమంది పాలేర్లకి వండి పెట్టింది. ఎప్పుడన్నా ఇలా మంచమెక్కిందా?"

"ఏసీ గదిలో కూర్చుని మీటలు నొక్కేదానికి నీరసమేంట్రా," అంది పాపాయమ్మ.

"అదృష్టవంతురాలివే, తాగడు, కొట్టడు. ఇంకేం కావాలి?" అంది ఫోన్లో కన్నతల్లి. తాగనివాడిని, కొట్టనివాడిని కట్టుకున్నాక బాధ పడటం తన చేతగానితనమే అని ఇందుజ కూడా కొన్నాళ్ళు ఒప్పుకుంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది ఏడుస్తున్నందుకు కాదు. చారులో ఉప్పు మర్చిపోతున్నందుకు.

ఏలూరులో ఆ నర్సింగ్ హోముకి ముందు మాత్రల కోసం తిరిగారు. ఒక రకం మాత్రలకి నిద్ర ముంచుకొచ్చింది, ఇంకో రకానికి చేతులు వణికాయి. రుబ్బురోలు కదల్లేదు. అప్పుడు డాక్టరు గారు కుర్చీ కాస్త సత్తిబాబు వైపు తిప్పి కూర్చున్నాడు. ఇందుజ ఆయనకి ఎదురుగానే ఉంది. అయినా ఆ బల్ల దగ్గర జబ్బు ఇందుజది, చెవులు సత్తిబాబువి.

"కెటమిన్ అని ఒక మందుందండి. ఆపరేషన్లకి వాడే మత్తుమందే. తక్కువ డోసులో, సెలైన్లో కలిపి మెల్లగా ఎక్కిస్తే మాత్రలకి లొంగని డిప్రెషన్ తగ్గుతోందని బయటి దేశాల్లో చూస్తున్నారు. ఇంకా కొత్త. మాత్రలు పని చెయ్యలేదు కాబట్టి చూద్దామంటున్నాను. బీపీ కాస్త పెరుగుతుంది, మేం కనిపెట్టుకుని ఉంటాం. ఖాళీ కడుపుతో రావాలి. ఎక్కుతున్నంతసేపూ గాల్లో తేలినట్టు, ఒంట్లోంచి బయటికొచ్చినట్టు ఉంటుంది. మాటలు కూడా తేలొచ్చు. అవి పట్టించుకోకండి. తీసుకొచ్చి, తీసుకెళ్ళే మనిషి పక్కన ఉండాలి."

"ఖర్చు సంగతి ఎలాగండీ?" అన్నాడు సత్తిబాబు.

ఇందుజకి ఒకటి అడగాలనిపించింది. గాల్లో తేలినప్పుడు భయమేస్తే ఏం చెయ్యాలి? నోరు తెరిచేలోపు వాళ్ళు లేచి నిలబడ్డారు.

తలుపు దగ్గర నిలబడ్డ పాపాయమ్మకి ఆ చెప్పినదంతట్లో ఒక్క ముక్కే చెవిని పడింది. మాటలు తేలుతాయి.

పాపాయమ్మ పుట్టింది కొల్లేటి లంకలో. అమ్మవారి జాతరలో ఆడవాళ్ళకి పూనకం వస్తే ఎదురుగా నిలబడి ప్రశ్నలు అడిగే మనిషి ఒకరుండాలి. చిన్నప్పట్నించీ ఆవిడే ఆ మనిషి. అడగటం అందరికీ చేతకాదంటుంది. ముందు తల్లీ అని బతిమాలాలి, తర్వాత చీర పెడతానని ఆశ పెట్టాలి, అప్పటికీ పలక్కపోతే గదమాయించాలి. పూనిన మనిషి అబద్ధం ఆడదు. ఎవరి కోడలు చాటుగా ఏం తిన్నదో, ఎవరి గొలుసు ఎవరి పెట్టెలో ఉందో, అన్నీ ఆవిడ అలాగే రాబట్టింది. ఇప్పుడు సొంత కోడలికి, సూదితో, డాక్టరు గారే పూనకం తెప్పిస్తానంటున్నాడు. ఇంక అడగకుండా ఉంటుందా?

ఏం అడగాలో కూడా ఎప్పుడో తేలిపోయింది. కారణం లేకుండా ఆడది ఏడవదు. పైకి కారణం కనపడట్లేదంటే లోపల ఎవడో ఉన్నాడు. ఆ లెక్కన చూస్తే కనపడేవాడు ఒక్కడే, కాలేజీలో ప్రోగ్రామర్ ఖలీద్. ఒక ఆదివారం ఇంటికి ఫోన్ చేసి ప్రింటర్ పాస్‌వర్డ్ అడిగాడు. అంతకుమించి ఆయన చేసిన పాపం లేదు. ఫోన్ ఎత్తింది సత్తిబాబు కావడం ఆయన ఖర్మ.

మొదటిసారి డ్రిప్పు పెట్టినప్పుడు గదిలో రెండు మంచాలు, మధ్యలో ఆకుపచ్చ తెర. అవతల మంచం మీద మున్నీ అనే ఆవిడ, ఏలూరులోనే తివాచీలు నేసే ఇంటి మనిషి. ఆవిడకీ అదే జబ్బు, అదే మందు. తెర ఇంకా వెయ్యకముందు ఇందుజ వైపు తిరిగి, "భయపడకండి. పైకి లేచిపోయినట్టుంటాది గానీ కిందకొచ్చేస్తామండి. నేను రెండుసార్లు ఎళ్ళొచ్చా," అంది, ద్వారకాతిరుమల వెళ్ళొచ్చినంత తేలిగ్గా. డాక్టరు చెప్పాల్సిన మాట ఇందుజకి చెప్పింది ఆవిడే.

తర్వాత ఫ్యాను రెక్కలు నీళ్ళయ్యాయి. మంచం పడవయింది. చేతులు ఎక్కడో ఉన్నాయి, ఎవరివో. అవి తనవేనా అని అడగాలనిపించలేదు. కొల్లేరు మీద తెల్లవారుజామున పొగమంచు పట్టినప్పుడు నీళ్ళేవో ఆకాశమేదో తెలీనట్టు, లోపలేదో బయటేదో తెలీలేదు. దూరంగా ఒడ్డు మీంచి ఎవరో కేకేస్తున్నారు. ఒడ్డు మీంచి ఎప్పుడూ ఎవరో ఒకరు కేకేస్తూనే ఉంటారు కదా, ఏదో తెమ్మనో, ఏదో తియ్యమనో. పలికినట్టే గుర్తు. ఏమని పలికిందో గుర్తు లేదు.

కళ్ళు తెరిచేసరికి మంచం పక్క స్టూలు మీద అత్తగారు. మొహంలో జాతర చూసొచ్చిన కళ. "ఎలా ఉందే తల్లీ?" అంది. పెళ్ళయిన ఏడేళ్ళలో ఆవిడ తల్లీ అనడం ఇందుజ వినడం అదే మొదలు. మందు అత్తగారికి కూడా పని చేసిందేమో అనుకుంది.

రెండోరోజు పొద్దున్న చారు రుచి చూస్తే ఉప్పు తగిలింది. ఉప్పు! గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పక్కింటి మల్లెపందిరి వాసన కిటికీలోంచి ఎప్పట్నించి వస్తోందో, ఇప్పుడు అందింది. రుబ్బురోలు లేదు. చెయ్యి పెట్టి చూసుకుంది గుండెల మీద, నిజంగానే. ఆ మధ్యాహ్నం మళ్ళీ చేపలు తోముతుంటే, బతుకు మీద ఆసక్తి ఉన్నది కొరమేనుకొక్కదానికే అన్న ఆ పాత మాట గుర్తొచ్చి, దాచుకున్న నవ్వంతా ఒక్కసారి వచ్చింది. పీట మీంచి పడబోయింది.

"పని చేసిందిరా మందు. తోముతోంది," అంది పాపాయమ్మ కొడుకుతో. ఆ ఇంట్లో ఆరోగ్యానికి కొలత అదే.

నవ్వొచ్చాక ఇందుజకి అనుమానం కూడా వచ్చింది. రెండూ ఆరోగ్య లక్షణాలే. తను గదిలోకి వెళ్తే తల్లీకొడుకులు మాట ఆపేస్తున్నారు. సత్తిబాబు అన్నం కలుపుతూ ఉన్నట్టుండి, "ప్రింటర్ బాగుందా?" అన్నాడు, అదోలా నవ్వుతూ. "ఏ ప్రింటరండీ?" అంటే పెరుగు వెయ్యమన్నాడు. మర్నాడు కాలేజీకి బయల్దేరుతుంటే, "నువ్వింక రావని ప్రిన్సిపాల్‌కి చెప్పేశాలే," అన్నాడు చెప్పులు తొడుక్కుంటూ, పాలవాడికి రేపటినించి వద్దని చెప్పినట్టు. "ఒంట్లో బాలేని మనిషివి కదా."

బుజ్జిని బడి దగ్గర దింపి, ఇందుజ ఇంటికి రాకుండా నెట్ సెంటరులో కూర్చుంది. ఆ మందు పేరు కొట్టింది. ముందు దాంతో గుర్రాలకి మత్తిచ్చే డాక్టర్లొచ్చారు, తర్వాత దాన్ని కైపు కోసం పీల్చే ఎక్కడివో రాత్రి పార్టీలొచ్చాయి, అవన్నీ దాటుకుని వెళ్తే అసలు సంగతి దొరికింది. మందు బరువు దించుతుంది గానీ ఆ దించడం కొద్దిరోజులే. మళ్ళీ మళ్ళీ ఎక్కించుకోవాల్సి రావచ్చు. దానికి తోడు మాత్రలూ, కూర్చుని మాట్లాడే వైద్యమూ ఉండాలి. బీపీ అదుపులో లేనివాళ్ళకి, కడుపుతో ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు. విడవకుండా ఎక్కువకాలం వాడితే మూత్రాశయం పాడవుతుంది, అలవాటు కూడా పడొచ్చు. ఎక్కుతున్నప్పుడు మనిషి మనసు తలుపులు తీసిన ఇల్లు లాంటిది కాబట్టి గది నెమ్మదిగా, వెలుతురు తక్కువగా, పక్కన నమ్మకమున్న మనిషి ఉండాలి. ఇవన్నీ పేషెంటుకి ముందే చెప్పి, పేషెంటు సరేనన్నాకే సూది పట్టాలి. పేషెంటుకి అన్న మాట దగ్గర ఇందుజ చాలాసేపు ఆగిపోయింది. అటెండెంట్ అని లేదు, భర్త అని లేదు.

వారం దాటాక బరువు మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఉప్పు పలచబడింది. ఈసారి ఇందుజకి తెలుసు అది ఏంటో, ఎలా ఎక్కి కూర్చుంటుందో. అందుకని ఇంకా భయమేసింది. రెండో డ్రిప్పుకి తనే తొందరపెట్టింది. సత్తిబాబు, పాపాయమ్మ కాదనలేదు సరిగదా, బుజ్జిని బడి మాన్పించి మరీ వెంటబెట్టుకొచ్చారు.

బరువు మళ్ళీ దిగింది. దిగిన మూడోరోజు, వంటింట్లో పెసలు ఏరుతుంటే ముందు గదిలోంచి బుజ్జి మాటలు వినపడ్డాయి. తొంగి చూసింది. బొమ్మని చాప మీద పడుకోబెట్టింది బుజ్జి. కిటికీ ఊచకి ఊలుదారం కట్టి, రెండో కొస బొమ్మ చేతికి చుట్టింది. తను బోర్లించిన డబ్బా మీద కూర్చుని, బొమ్మ చెవి దగ్గరికి వంగింది.

"చెప్పు తల్లీ, ఎవడు వాడు? మంచిదానివి కదా, చెప్పు. చీర పెడతా." కాసేపు ఆగింది. "చెప్పవే! చెప్పకపోతే నీకు పిల్లని చూపించను!"

అచ్చం పాపాయమ్మ గొంతు. బతిమాలడం, ఆశ పెట్టడం, గదమాయించడం, వరస తప్పలేదు.

ఇందుజ చేతిలో చేట అలాగే ఉంది. "ఎవరు నేర్పారమ్మా ఈ ఆట?"

"ఆట కాదమ్మా. నువ్వు ఆస్పత్రిలో పడుకున్నావు కదా, అప్పుడు నానమ్మ నన్ను అడగమంది. నేనడిగితే చెప్తావంట. ఖలీద్ మామయ్య ఎవరమ్మా అని అడిగా. నువ్వు సరిగ్గా చెప్పలేదు." బుజ్జి కింది పెదవి బయటపెట్టింది. "నాకు జీళ్ళు కొనలేదు నానమ్మ. నీవల్లే."

పెసలు నేల మీద పడ్డాయి. ఇందుజ కూర్చుని మళ్ళీ ఏరింది, ఒక్కొక్కటీ. చేతులకి ఏదో ఒక పని ఉండాలి, లేకపోతే అవి ఏం చేస్తాయో ఆ క్షణంలో తనకే నమ్మకం లేదు.

సాయంత్రం కొత్తిమీర వంకతో వీధిలోకొచ్చి, ఎస్టీడీ బూత్ నుంచి మున్నీకి ఫోన్ చేసింది. మందు ఎక్కించుకున్న మొదటిరోజే ఆవిడ నంబరు ఇచ్చింది, ఎప్పుడైనా భయమేస్తే మాట్లాడుకుందామని.

"చెప్పాలా వద్దా అని నాలో నేనే కొట్టుకున్నానండి," అంది మున్నీ. "ఒకరింటి సంగతి. తెర అవతల ఉన్నా కదా, రెండుసార్లూ నాకింకా మందు మొదలెట్టలేదు, అన్నీ ఇనపడ్డాయి. మీరు పైన ఎక్కడో ఉన్నారు, ఆవిడ కింద కూర్చుని అడుగుతానే ఉంది. వాడెవడు, ఎక్కడ కలుత్తారు, ఎన్నాళ్ళనించి."

"నేనేమన్నానండీ?"

"మొదటిసారి ప్రింటర్లో కాయితం ఇరుక్కుంది, లాగకండి, చిరుగుద్ది, అన్నారండి. మీ ఆయన అదేదో గుర్తు మాట అనుకున్నాడు. గుమ్మంలో నిలబడి ఇంటన్నాడు లెండి."

ఇందుజకి నవ్వొచ్చింది. మందు నిజంగా మంచిదే, ఇంతలో కూడా నవ్వు తెప్పిస్తోంది. "బుజ్జి అడిగినప్పుడో?"



"పాప ఎన్నిసార్లడిగినా మీది ఒకటే మాటండి. అన్నం తిన్నావా అమ్మా, అని. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే, అన్నం తిన్నావా. ఆకరికి మీ అత్తగారు ఇసుక్కున్నారు. మత్తులో కూడా వంట గొడవేనా దీనికి, అని."

బూత్ అద్దంలో తన మొహం కనపడింది ఇందుజకి. మనసు ఒంట్లోంచి లేచి వెళ్ళిపోయినా, నోరు మాత్రం డ్యూటీలోనే ఉంది. సెలవు పెట్టలేదు.

"ఇంకోటి కూడా చెప్పెయ్యాలండి. మీ ఆయన అన్నాడూ, ఇంకో రెండు ఎక్కించారంటే పేరు బయటికొత్తది, పేరొచ్చిన రోజు పిల్లనిక్కడ ఉంచుకుని దీన్ని పుట్టింటికి తోలేత్తా అని. జాగర్తండి."

ఇంటికి నడుస్తుంటే సంగతి చాలా సాఫీగా అర్థమైంది. మందు మానేస్తే రుబ్బురోలు వచ్చి కూర్చుంటుంది, అప్పుడు పిల్లని కళ్ళెత్తి చూసే ఓపిక కూడా ఉండదు. మందు ఎక్కించుకుంటే ఒడ్డు మీద ప్రశ్నలు ఆగవు. తను ఏ పేరూ చెప్పక్కర్లేదు. ఏదో ఒకరోజు పొగమంచులో ఎవరి పేరు వచ్చినా చాలు, కూరగాయలవాడిదైనా సరే. ఇవతల పిల్ల, అవతల మనసు. ఈ రెంటిలో ఏది కావాలో తేల్చుకోమనడం వాళ్ళకి చాలా తేలిక, ఎందుకంటే ఆ రెండూ వాళ్ళవి కావు.

మర్నాడు మళ్ళీ బూత్‌కి వెళ్ళింది. "మున్నీగారూ, మీకు తోడు ఎవరొస్తున్నారు?"

"మా ఆయనేనండి, లాల్ బాషా. మంచోడే గానీ సూది చూత్తే కళ్ళు తిరుగుతాయి. పోయినసారి నన్ను లేపి ఆ మంచం మీద ఆయన్ని పడుకోబెట్టారు."

"అయితే ఇకనుంచి మీకు నేనొస్తా. నాకు మీరు రండి."

అవతల మున్నీ పగలబడి నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "మా ఇంట్లో పైన పోర్షను కూడా కాళీగానే ఉందండి," అంది. ఇందుజ అడగబోయి ఆగిన మాట అదే.

బరువు మళ్ళీ తలుపు తట్టిన వారం, మూడో డ్రిప్పు రోజు పొద్దున్నే రైలెక్కారు. "బుజ్జిని కూడా తీసుకెళ్దాం అత్తయ్యా," అని ఇందుజే అంది. పాపాయమ్మ మొహం విప్పారింది. పిల్ల లేకపోతే ఆవిడకి మాత్రం ఎలా గడుస్తుంది? ఆవిడ సంచిలో ఈసారి జీళ్ళ పొట్లం ముందే ఉంది.

"అంత బ్యాగెందుకే?" అన్నాడు సత్తిబాబు.

"పిల్ల బట్టలండీ. రైల్లో వాంతి చేసుకుంటుంది కదా."

డాక్టరు గారు మామూలుగానే కుర్చీ తిప్పుకున్నాడు. "ఎలా ఉన్నారు పేషెంట్?"

"ఏం మార్పు లేదండి," అన్నాడు సత్తిబాబు. "ఒకటే ఏడుపు. ఇంకో రెండు మూడు ఎక్కించండి. డోసు కూడా కాస్త పెంచితే..."

"సార్," అంది ఇందుజ. "పేషెంట్ ఇటుంది."

డాక్టరు చేతిలో పెన్ను ఆగింది. కుర్చీ తిప్పడానికి కాస్త టైము పట్టింది ఆయనకి. ఆ కుర్చీకి అటు తిరగడం అలవాటు లేదు.

"డ్రిప్పు ఎక్కాక వారం పైన బాగుంటున్నాను. తర్వాత మళ్ళీ దిగిపోతున్నాను. డోసు పెంచక్కర్లేదు. ఎన్నాళ్ళకొకసారి కావాలో మీరు నాతో చెప్పండి. నా బీపీ ఎంత పెరుగుతోందో, ఎప్పుడు ఆపెయ్యాలో కూడా. ఇంకోటి అడగాలి. లోపల నా పక్కన ఎవరు కూర్చోవాలి?"

"సాధారణంగా హస్బెండో, ఇంట్లోవాళ్ళో..."

"అది రూలా సార్, అలవాటా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "అలవాటే."

"మందు నాకు ఎక్కుతున్నప్పుడు వీళ్ళు నన్ను విచారణ చేశారు. ఎవడు వాడు, ఎక్కడ కలుస్తావు అని. నా కూతురి చేత అడిగించారు."

డాక్టరు సత్తిబాబు వైపు చూశాడు, తర్వాత గోడ గడియారం వైపు చూశాడు. "అది... మీ ఫ్యామిలీ మేటర్ అమ్మా. నేను అందులో..."

"మందు మీది, మంచం మీది, తలుపు మీది. ఫ్యామిలీ మేటర్ ఎలా అవుతుంది సార్?"

"చూశారా అండీ, ఎలా మాట్లాడుతోందో!" సత్తిబాబు లేచాడు. "ఇది మాట్లాడట్లేదు, మందు మాట్లాడిస్తోంది."

"ఇంకా ఎక్కించలేదండీ," అంది ఇందుజ.

"కోడలి పక్కన అత్త కాక ఎవరుంటారయ్యా!" పాపాయమ్మ గుమ్మంలోంచే అందుకుంది. "కన్నకూతుర్లా చూసుకున్నా! విసనకర్ర పట్టుకు విసిరా! మతి తప్పిన మనిషి మాట పట్టుకుని పెద్దదాన్ని నిలదీస్తారా? అమ్మవారు చూస్తుంది!"

"నీకు తోడు ఎవడొస్తాడే? వాడొస్తాడా?" అన్నాడు సత్తిబాబు. గొంతులో ఆశ కూడా ఉంది. ఇప్పటికైనా ఆ పేరు వస్తుందని.

ఇందుజ తలుపు తీసింది. వరండాలో బెంచీ మీద మున్నీ, ఇంటర్ చదివే ఆవిడ కూతురు షిఫా. మున్నీ లేచి, నల్ల బురఖా సర్దుకుని, "దండాలండి డాక్టరు గారు," అంది. "ఇవాళ నా వంతు కాదండి. ఈవిడకి తోడొచ్చా."

డాక్టరుకి అంతకంటే మంచి దారి కనపడలేదు. ధైర్యమేం కాదు, టైము అయిపోయింది, బయట పదిమంది పేషెంట్లున్నారు, ఈ గొడవ వాళ్ళ చెవిన పడుతోంది. "పేషెంట్ ఎవర్ని కోరుకుంటే వాళ్ళే లోపల. మిగతావాళ్ళు బయట కూర్చోండి," అనేశాడు. నర్సు లిడియాని పిలిచి, తలుపు గడియ పెట్టమని కూడా చెప్పాడు. ఈ మాట మొదటిరోజే అనొచ్చు. అప్పుడెవరూ అడగలేదు.

"ఇంటికి రా, నీ పని చెప్తా," అన్నాడు సత్తిబాబు చిన్నగా, పక్కనించి వెళ్తూ. ఇందుజ తల ఊపింది. ఏడేళ్ళుగా ఊపుతున్న తలే కాబట్టి ఆయనకి తేడా తెలియలేదు.

తల్లీకొడుకులు టీ తాగడానికి వీధిలోకి వెళ్ళారు. రాగానే డ్రిప్పు గదిలో చోటు కోసం స్టూలు మీద పెట్టిన జీళ్ళ పొట్లం మర్చిపోయింది పాపాయమ్మ. మున్నీ దాన్ని తీసి కిటికీలో పెట్టి, స్టూలు దులుపుకుని కూర్చుంది. లిడియా ఇందుజ చేతికి బీపీ పట్టీ చుట్టి, సూది గుచ్చి, ఇంకా డ్రిప్పు గొట్టం చక్రం తిప్పకుండా సీసా వైపు చూస్తోంది.

గుమ్మంలో షిఫా చెయ్యి పట్టుకుని బుజ్జి నిలబడింది. షిఫా భుజానికి ఆ పెద్ద బ్యాగు, ఇంకో చేతిలో పైన పోర్షను తాళంచెవి. బుజ్జికి కంగారుగా ఉంది. తనకి ఒక పని అప్పజెప్పి తీసుకొచ్చారు, ఆ పని చెయ్యకుండానే వెళ్ళిపోమంటున్నారు.

"అమ్మా, ఇవాళ నేనేం అడగాలి?"

ఇందుజ గుండెల మీద రుబ్బురోలు ఒక్కసారి కదిలింది.

"ఆకలేస్తే షిఫా అక్కని అన్నం అడుగు. అంతకుమించి ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు."

బుజ్జి కిటికీ వైపు చూసింది. "జీళ్ళో?"

మున్నీ కిటికీలోంచి పొట్లం తీసి పిల్ల చేతిలో పెట్టింది. "తినమ్మా. ఊరికే."

వాళ్ళు వెనక గేటు వైపు వెళ్ళాక లిడియా తలుపు గడియ పెట్టింది. ఇన్నాళ్ళూ సత్తిబాబుకి చెప్తున్న జాగ్రత్తలు, ఇవాళ మొదటిసారి ఇందుజ మొహంలోకి చూస్తూ చెప్పింది. "ఇవాళంతా తూలుగా ఉంటుందమ్మా. బండి నడపకూడదు, సంతకాలు పెట్టకూడదు. పెద్ద నిర్ణయాలేవీ తీసుకోకూడదు."

"తీసుకోనండి," అంది ఇందుజ కళ్ళు మూసుకుంటూ. "ముందే తీసేసుకున్నా."